గోడకు రంగు వేయడానికి ముందు

పండుగ సంక్రాంతి అయినా, రంజాన్ అయినా గృహస్థుని దృష్టి మొదట గోడల మీదికే పోతుంది. అరసవల్లి వాసులకు రథసప్తమి కూడా ఉండనే ఉన్నది. బంధువులు, యాత్రికులు వచ్చే వేళకు ఇల్లు కళకళలాడాలని తొందర. ఆ తొందరలో రంగును ఎంచుకోవడానికి పట్టిన కాలంలో పదోవంతు కూడా గోడను పరీక్షించడానికి వెచ్చించరు. ఏడాది తిరగకుండానే రంగు పొక్కులు లేచి పెచ్చులూడుతుంది. నింద రంగు మీద పడుతుంది గాని, దోషం చాలావరకు గోడలోని చెమ్మది.

ఈ ప్రాంతానికి నాగావళి సమీపం, బంగాళాఖాతమూ దూరం కాదు. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ తుపానులు, రెండూ అక్టోబరులోనే, మన జిల్లాను తాకాయి. అట్టి వానలలో గోడలు త్రాగిన నీరు త్వరగా పోదు. పైగా నేలలోని తేమ ఇటుకల సూక్ష్మరంధ్రాల గుండా పైకి ప్రాకుతుంది. నీరు ఆవిరైపోగా అందులోని లవణాలు గోడపై తెల్లగా పేరుకొని, పైపూతను నెట్టివేస్తాయి. అట్టి గోడను కడగరాదు. ఉప్పు కరిగి మళ్ళీ లోపలికే పోతుంది. పొడి బ్రష్షుతో దులిపివేయాలి.

చెమ్మను కనుగొనడానికి సులభోపాయం ఉన్నది. మూరెడు పాలిథీన్ కాగితాన్ని నాలుగంచులా అంటించి ఒక రోజు ఉంచండి. లోపలివైపు నీటి బిందువులు కనిపిస్తే తేమ గోడలోనిది. వెలుపలివైపు కనిపిస్తే గాలిలోనిది. మొదటిదైతే కారే గొట్టమో, పగిలిన చూరో, పునాది పక్కన నిలిచే నీరో వెదకాలి. కారణం పోనిదే ఎంత ఖరీదైన రంగైనా నిలువదు.

మన పూర్వులు సున్నాన్ని ఊరక ఎన్నుకోలేదు. రాతినో గుల్లనో కాల్చి, నీట తడిపి, గుడ్డలో వడగట్టిన సున్నం, గోడపై గాలిలోని బొగ్గుపులుసు వాయువును గ్రహించి తిరిగి సున్నపురాయిగా మారుతుంది. ఆ పూత గుండా తేమ వెడలిపోగలదు. నేటి ఎమల్షన్ పొర గుండా అంత సులభంగా వెడలదు. అందుచేతనే పాత ఇళ్ళకు సున్నమే మేలని నా అభిప్రాయం. సున్నం కంట పడితే మాత్రం నీటితో చాలాసేపు కడిగి వెంటనే వైద్యుని చూడాలి.

ఉత్తరాంధ్ర కొండలలోని సవరలు గోడపై చిత్రం దిద్దే ముందు ఎర్రమట్టితో అలుకుతారు. ఆ పూత మీదనే బియ్యపుపిండితో తెల్లని బొమ్మలు వేస్తారు. మనం మాత్రం అరచేతికి అంటుకునే పాత వెల్ల మీదనే ఎమల్షన్ పూస్తాము! రాలే వెల్లనంతా గీకి, పగుళ్ళు పూడ్చి, లప్పం పెట్టి, ఆరిన పిదప గరుకు కాగితంతో రుద్ది, ధూళి తుడిచి ప్రైమరు వేయాలి. అటుపై ఒక దట్టపు పూత కన్న రెండు పలుచని పూతలు నయం. కొత్త సిమెంటు గోడను కనీసం ఒక నెల ఆరనివ్వాలి. దాని క్షారగుణం రంగును చెరుపుతుంది.

విద్యార్థులు ముఖ్యంగా గుర్తుంచుకోవలసినది పాత తలుపుల ఆయిల్ పెయింటు గురించి. గృహోపయోగ రంగులలో సీసం పది లక్షల భాగాలకు 90 భాగాలకు మించరాదన్న నిబంధన 2017 నవంబరు నుండి మాత్రమే అమలులోకి వచ్చింది. అంతకు ముందటి రంగును పొడిగా గీకినా, మంటతో కాల్చినా సీసపు ధూళి, పొగ పిల్లల మెదడుకు హాని చేస్తాయి. తడిపి రుద్దండి, ధూళిని ఆపే మాస్కు ధరించండి, చేతిరుమాలు చాలదు. పిల్లలను, గర్భిణీ స్త్రీలను ఆ పని ముగిసే వరకు వేరే ఇంట ఉంచండి. నేలను చీపురుతో ఊడ్వక తడిగుడ్డతో తుడవండి. ఆ పూట కట్టుకున్న బట్టలు వేరుగా ఉతకండి.