మన కష్టానికి ఇంగ్లీషులో నాలుగు మాటలు

రా చెల్లీ, కూర్చో. ముందు ఆ టీ తాగు, చల్లారిపోతోంది. ఇంటర్వ్యూ అనగానే నీకు గుండె దడ ఎందుకో నాకు తెలుసులే. పని రాక కాదు. ఇద్దరు పిల్లల్ని సాకుతూ, అత్తగారికి వేళకి మందులిస్తూ, సాయంత్రాలు ట్యూషన్లు చెప్పి ఇల్లు నెట్టుకొచ్చినదానివి. తీరా అవతలివాళ్లు ‘టెల్ మీ అబౌట్ యువర్‌సెల్ఫ్’ అంటే మాత్రం ‘ఐ యామ్ హార్డ్ వర్కింగ్’ అని ఆగిపోతావు. మనలో చాలామందికి ఇదే బాధ. చేసిన చాకిరీ బోలెడు, చెప్పుకోడానికి మాట ఒక్కటే.

దానికంటే ముందు ఒక గండం దాటేద్దాం. ‘కష్టపడి పనిచేస్తాను’ అనబోయి మనవాళ్లు ‘ఐ హార్డ్‌లీ వర్క్’ అనేస్తుంటారు. స్లోకి స్లోలీ ఉంది, క్విక్‌కి క్విక్‌లీ ఉంది, హార్డ్‌కి కూడా చివర ఆ ‘లీ’ తగిలిస్తే సరిపోతుందనుకుంటాం. అలా అనుకోవడంలో మన తప్పేం లేదమ్మా. కానీ ‘హార్డ్‌లీ’ అంటే ‘దాదాపు లేనట్టే’ అని అర్థం. అంటే ‘నేను పనే చేయను’ అని మన నోటితో మనమే చెప్పుకున్నట్టు! ‘ఐ వర్క్ హార్డ్’, అంతే. ఇవాళ అంట్లు తోముతూ పదిసార్లు పైకే అనుకో. ఎవరైనా వింటే విననీ.

ఇక ఆ ‘హార్డ్ వర్కింగ్’ సంగతి. అది తప్పు మాట కాదు. కాకపోతే వచ్చిన ప్రతివాళ్లూ అదే అంటారు కదా, అడిగేవాళ్లకి చెవికెక్కదు. దాని వెనకే నువ్వు చేసిన పని ఒకటి చెప్పు. ‘ఐ టాట్ టెన్ చిల్డ్రన్ ఎట్ హోమ్ ఎవ్రీ ఈవెనింగ్’ అను. చిన్న వాక్యమే, కానీ నీ కష్టం అందులో కనిపిస్తుంది. పెద్దపెద్ద జాతీయాలు బట్టీపట్టి అప్పజెప్పడం కంటే ఇదే నయం.

మరి జాతీయాలు అక్కర్లేదా అంటావా? కావాలి. అవతలివాళ్లు అన్నప్పుడు అర్థం కాక బిక్కమొహం వేయకూడదు కదా. ‘హెవీ లిఫ్టింగ్’ అనే మాట ఆఫీసుల్లో తరచూ వింటావు. నలుగురు కలిసి చేసే పనిలో అసలు బరువంతా ఎవరు మోశారో చెప్పడానికి వాడతారు. ఈ మాట విన్నప్పుడల్లా నాకు మన శ్రీకాకుళం జిల్లా అమ్మాయి కరణం మల్లేశ్వరే గుర్తొస్తుంది. ఒలింపిక్స్‌లో ఆడవాళ్లకి వెయిట్‌లిఫ్టింగ్ పెట్టిందే 2000లో, సిడ్నీలో. అక్కడ మల్లేశ్వరి స్నాచ్‌లో 110 కిలోలు, క్లీన్ అండ్ జర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ ఆవిడే. ఆవిడ ఎత్తింది నిజం బరువు, మనం మోసేది ఇంకో రకం. అయితే ఒక జాగ్రత్త: ఈ మాట పక్కవాళ్ల గురించి అంటే మెప్పుగా ఉంటుంది, మన గురించి మనమే అంటే కాస్త గొప్పలా వినిపిస్తుంది. అందుకని ‘షీ డిడ్ ద హెవీ లిఫ్టింగ్’ అని తోటి అమ్మాయిని మెచ్చుకో.

‘పుల్ యువర్ వెయిట్’ పడవ పందేల నుంచి వచ్చింది. తెడ్డు పట్టుకున్న ప్రతివాళ్లూ కనీసం తమ బరువుకి తగ్గట్టైనా లాగాలి, లేకపోతే వాళ్ల బరువు కూడా మిగతావాళ్ల మీదే పడుతుంది. ఇది ఆఫీసుకే కాదు, ఇంటికీ పనికొస్తుంది. ఆదివారం అన్నం తిన్న కంచం అలాగే వదిలేసి లేచే మీ ఆయనకి నవ్వుతూనే చెప్పు, అర్థం చేసుకుంటాడు.

‘ఎల్బో గ్రీజ్’ అని ఎవరైనా అంటే గ్రీజు డబ్బా వెతక్కు. చింతపండు పెట్టి ఇత్తడి బిందె తళతళలాడేదాకా తోముతాం చూడు, ఆ చేతి శ్రమకే ఆ పేరు. పదిహేడో శతాబ్దం నుంచీ ఉన్న మాట.

మనసు నొచ్చుకునే మాటలు కూడా కొన్ని ఉన్నాయి. ‘యూ వర్క్‌డ్ లైక్ ఎ డాగ్’ అంటే మనకి చివుక్కుమంటుంది కదూ? వాళ్లు తిట్టడం లేదు తల్లీ, నీ కష్టాన్ని గుర్తిస్తున్నారు. ‘వర్క్‌హార్స్’ అన్నా మెచ్చుకోలే. ‘డాంకీ వర్క్’ మాత్రం మన గొడ్డు చాకిరీ లాంటిదే. కొత్తగా చేరిన పిల్లకి ఆ పేరుతో పని అప్పగించకు, చిన్నబుచ్చుకుంటుంది. అలాగే డిక్షనరీలో ‘బలమైన’ అని ఉంది కదా అని ఏ ఆడమనిషినీ ‘స్టౌట్’ అనకు. మనిషి ఒంటి గురించి అంటే అది లావు అనడమే. ‘స్ట్రాంగ్’ అంటే చాలు.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ముఖ్యమైంది చెప్తాను. రాత్రి పొద్దుపోయేదాకా పనిచేయడాన్ని ‘బర్నింగ్ ద మిడ్‌నైట్ ఆయిల్’ అంటారు, నూనె దీపాల కాలం నాటి మాట. ఆలస్యంగా పడుకుని, మళ్లీ తెల్లవారకముందే లేచి పరుగెత్తడాన్ని ‘బర్నింగ్ ద క్యాండిల్ ఎట్ బోత్ ఎండ్స్’ అంటారు. మనం చేసేది అదేగా? అలా చేసీ చేసీ మనిషి అడుగంటిపోవడానికి 1974లో హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బర్గర్ అనే అమెరికా మనస్తత్వవేత్త తన వ్యాసంలో ‘బర్నౌట్’ అని పేరు పెట్టారు. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా, దాన్ని జబ్బు అనలేదు గానీ, ఉద్యోగంలో తీరని ఒత్తిడి వల్ల వచ్చే స్థితిగా గుర్తించింది. ఇంటి చాకిరీ ఆ లెక్కలోకి రాదట. నేనైతే ఒప్పుకోను. అలసట ఎక్కడిదైనా అలసటే.

అందుకే ఉద్యోగం వచ్చాక ఎంత పని మీద పడేసినా ‘యస్ సార్’ అంటూ తలూపకు. ‘ఐ హ్యావ్ ఎ లాట్ ఆన్ మై ప్లేట్ రైట్ నౌ. విచ్ వన్ షుడ్ ఐ ఫినిష్ ఫస్ట్?’ అని అడుగు. చేతినిండా పనుంది, ముందు ఏది ముగించమంటారు అని అడగడమన్నమాట. చేయనన్నట్టూ ఉండదు, చేతులెత్తేసినట్టూ ఉండదు. ఆ రెండో ప్రశ్న మాత్రం మర్చిపోకు, మర్యాదంతా అందులోనే ఉంది.

సరే, నీ గురించి మూడు వాక్యాలు ఇవాళే కాగితం మీద రాసుకో. రేపు పిల్లలు బడికెళ్లాక ఫోన్ చేస్తాను, చూడకుండా నాకు చెప్పాలి.