జీఆర్‌ఈ మళ్లీ రాయాలా?

ప్రశ్న: ఎంఏ సైకాలజీ పూర్తిచేశాను. అమెరికాలో పీహెచ్‌డీకి దరఖాస్తు చేస్తున్నాను. జీఆర్‌ఈలో క్వాంట్ 158, వెర్బల్ 151 వచ్చాయి. గడువు డిసెంబరు 1. మళ్లీ రాయమంటారా?
– ఓ పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: ముందు మీరు ఎంచుకున్న విభాగాల నిబంధనలు ఒక్కొక్కటీ చూడండమ్మా. 2020 తర్వాత చాలా సైకాలజీ విభాగాలు జీఆర్‌ఈని ఐచ్ఛికం చేశాయి, కొన్ని అసలు చూడవు. మీ జాబితాలో అవే ఎక్కువైతే మళ్లీ రాయొద్దు. గడువు వరకు ఉన్న సమయమంతా స్టేట్‌మెంట్‌ ఆఫ్‌ పర్పస్‌ మీద పెట్టండి. ఏ ప్రొఫెసర్ దగ్గర, ఏ ప్రశ్న మీద, ఎందుకు పనిచేయాలనుకుంటున్నారో అందులో స్పష్టంగా కనిపించాలి. పీహెచ్‌డీలో నా దృష్టిలో స్కోరు కన్నా అదే ముఖ్యం.

స్కోరు తప్పనిసరైతే మీకు లోటు వెర్బల్‌లోనే. పదాల జాబితాలు బట్టీపట్టడం ఆపి, రోజూ ఒక పరిశోధన వ్యాసం చదివి దాని వాదన నాలుగు వాక్యాల్లో రాయండి. ఈటీఎస్ ఉచిత పవర్‌ప్రెప్ పరీక్ష రాసి చూడండి. నాలుగైదు మార్కులు పెరిగితేనే ఫీజు కట్టండి. రెండు పరీక్షల మధ్య 21 రోజులు ఉండాలి. తక్కువ వచ్చినా భయంలేదు, ఏ స్కోరు పంపాలో మీరే ఎంచుకోవచ్చు.

నిబంధన అర్థంకాకపోతే ఆ విభాగం కోఆర్డినేటర్‌కే మెయిల్ చేయండి. పరీక్ష బెంగతో నిద్ర పట్టకపోతే టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడొచ్చు.