కణం రెండోసారి ఎందుకు కాపీ చెయ్యదు?

చి. మాధవికి,

కాపీ జరిగే ఎస్ దశ అయిపోయాక ఎంజైములూ ముడిసరుకూ అక్కడే ఉంటాయి కదా, కణం డీఎన్ఏని మళ్లీ ఎందుకు కాపీ చెయ్యదని అడిగావు. మంచి ప్రశ్న. మీ బైపీసీ పుస్తకం జీ1 (కాపీకి ముందు), ఎస్ (కాపీ), జీ2 (కాపీ తర్వాత), ఎం (విభజన) అని గుండ్రటి బొమ్మ వేసి చేతులు దులుపుకుంది.

1970లో పోటు నరసింహారావు, రాబర్ట్ జాన్సన్ చేసిన ప్రయోగంతో మొదలుపెట్టు. (పేరు చూస్తేనే తెలుస్తుంది, ఆయన మనవాడే.) వాళ్లు హీలా అనే మానవ కణాలను సెండాయ్ వైరస్ సాయంతో కలిపేసి, ఒకే కణంలో వేర్వేరు దశల కేంద్రకాలు ఉండేలా చేశారు. ఎస్ కణాన్ని జీ1 కణంతో కలిపితే, జీ1 కేంద్రకం తన వేళ రాకముందే డీఎన్ఏ తయారీకి దిగింది. అంటే ఎస్ కణద్రవ్యంలో పురమాయించే పదార్థమేదో ఉంది. తర్వాత ఎస్ కణాన్ని జీ2 కణంతో కలిపారు. జీ2 కేంద్రకం ఉలకలేదు, పలకలేదు. పక్కది కాపీ పని ముగించేదాకా ఆగి, ఆ తర్వాతే విభజనకు సిద్ధపడింది. నన్నడిగితే ఈ రెండో ఫలితమే గొప్పది.

ఈ తేడాకు కారణం వెతుకుతూ 1988లో బ్లో, లాస్కీ అనే శాస్త్రవేత్తలు కప్ప గుడ్ల రసంతో పనిచేశారు. డీఎన్ఏకి ముందుగా ఏదో 'లైసెన్సు' దొరకాలన్నారు. ఆ లైసెన్సు ఏమిటో ఇప్పుడు తెలుసు. జీ1లో, కణచక్రాన్ని నడిపే సీడీకే ఎంజైముల జోరు తక్కువ. అప్పుడు ఓఆర్‌సీ, సీడీసీ6, సీడీటీ1 ప్రొటీన్లు కలిసి డీఎన్ఏకి అక్కడక్కడ ఎంసీఎం అనే ఉంగరాలు తొడుగుతాయి. అవి ఉన్నచోటే కాపీ మొదలవుతుంది. సీడీకే జోరు పెరగ్గానే ఆ ఉంగరాలు పనిలోకి దిగుతాయి. అదే సీడీకే కొత్తవాటిని తొడగనివ్వదు. టోకెన్ల కౌంటరు మూశాకే దర్శనం గేటు తీసినట్టు. జీ2 కేంద్రకం పలకకపోవడానికి కారణం ఇదే: దాని దగ్గర టోకెన్ లేదు.

మన కణాల్లో ఇంకో కాపలా కూడా ఉంది. జెమినిన్ అనే ప్రొటీన్ సీడీటీ1ని పట్టి కట్టేస్తుంది. విభజన ముగిసే వేళకు కణమే జెమినిన్‌ను నాశనం చేస్తుంది, సీడీకే కూడా తగ్గుతుంది. అప్పుడే మళ్లీ ఉంగరాలు. సుమారు 600 కోట్ల క్షార జతల డీఎన్ఏని, వేలాది చోట్ల మొదలుపెట్టి, ఎనిమిది గంటల్లో కాపీ చేసే పనికి ఇంత కట్టుదిట్టం అవసరమే. కొంత భాగం రెండుసార్లు కాపీ అయినా డీఎన్ఏ తెగొచ్చు, క్యాన్సర్‌కు దారి పడొచ్చు.

జీ2 కణంలో జెమినిన్‌ను తీసేస్తే ఏమవుతుందో పుస్తకం చూడకుండా ఆలోచించి, వచ్చే ఉత్తరంలో రాయి.

మీ పెద్దమ్మ