కంప్యూటర్‌లో పాత వ్రాతప్రతులు చూద్దామా?

పిల్లలూ! సర్ బనీ యాస్ దీవికి జింకలనూ, జిరాఫీలనూ చూడడానికి వెళ్ళినవాళ్ళు మీలో ఉండే ఉంటారు. అక్కడే 1992లో ఒక పాత క్రైస్తవ మఠం శిథిలాలు బయటపడ్డాయి. అవి సుమారు 7, 8 శతాబ్దాల నాటివి. ఆ కాలంలో ఈ గల్ఫ్ తీరపు క్రైస్తవులు ప్రార్థనలు చేసిన భాష సిరియాక్. దానికి 22 అక్షరాలు. అరబిక్‌లాగే కుడి నుంచి ఎడమకు రాస్తారు. మీ మలయాళీ స్నేహితుల ఇళ్ళలో వినిపించే ‘కుర్బానా’ అనే మాట సిరియాక్ నుంచి వచ్చిందే.

ఖతర్ ప్రాంతంలో పుట్టిన ఇసాక్ అనే సన్యాసి 7వ శతాబ్దంలో ఈ భాషలో ఎన్నో రచనలు చేశాడు. వాటిలో ఒక భాగం పోయిందనే అనుకున్నారు. 1983లో ఆక్స్‌ఫర్డ్‌లోని బోడ్లియన్ గ్రంథాలయంలో ఉన్న ఒక ప్రతిలో దాన్ని సెబాస్టియన్ బ్రాక్ అనే పండితుడు గుర్తించారు. పుస్తకం అలమరలోనే ఉంది. చదవగలిగిన మనిషి రావలసి వచ్చింది!

ఒక్కోసారి అలమర కూడా మిగలదు. ఇరాక్‌లోని మోసుల్‌లో నజీబ్ మిఖాయిల్ అనే సన్యాసి ఏళ్ళ తరబడి పాత ప్రతులకు ఫొటోలు తీయించారు. 2014లో ఐసిస్ సాయుధులు దగ్గరపడుతుంటే, ప్రతులను వాహనాల్లోకెక్కించి ఎర్బిల్ చేర్చారు. ఆ ఫొటోల పనికి తోడ్పడింది అమెరికాలోని మిన్నెసోటాలో ఉన్న హిల్ మ్యూజియం అండ్ మాన్యుస్క్రిప్ట్ లైబ్రరీ.

ఎలా వెతకాలి?

1. అమ్మనో, నాన్ననో పక్కన కూర్చోబెట్టుకొని ఆ లైబ్రరీ వారి ‘వి-హెచ్ఎంఎంఎల్ రీడింగ్ రూమ్’ తెరవండి. పేరు నమోదు ఉచితం.

2. భాష దగ్గర సిరియాక్ ఎంచుకోండి. తర్వాత దేశం, శతాబ్దం.

3. నచ్చిన ప్రతి గుర్తు సంఖ్యను నోటుపుస్తకంలో రాసుకోండి. అది లేకపోతే మళ్ళీ దొరకడం కష్టం.

4. చివరి పుట చూడండి. ఎవరు, ఎక్కడ, ఎప్పుడు రాశారో చాలాసార్లు అక్కడే ఉంటుంది.

ఇక్కడ ఒక చిన్న లెక్క. సిరియాక్ లేఖకులు ‘గ్రీకుల సంవత్సరం’ వేసేవారు. అది అక్టోబరులో మొదలవుతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా అయితే 312, మిగతా నెలలకు 311 తీసేయాలి. తేదీ ఉన్న సిరియాక్ ప్రతుల్లో అన్నిటికన్నా పాతది బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. 723వ సంవత్సరం నవంబరులో రాశారు. 723లోంచి 312 తీసేస్తే? క్రీ.శ. 411!

మన తాటాకు ప్రతుల్లోనూ ఇలాగే శక సంవత్సరం కనిపిస్తుంది. దానికి 78 కలిపితే సుమారుగా క్రీస్తు శకం వస్తుంది. చెన్నైలోని ప్రభుత్వ ప్రాచ్య లిఖిత గ్రంథాలయంలో తెలుగు తాటాకులు ఎన్నో ఉన్నాయి.

సెలవులకు చేయవలసిన పని

ఊరెళ్ళినప్పుడు తాతయ్య పెట్టెలోని పాత ఉత్తరమో, నోటుపుస్తకమో అడగండి. పుట పుటకూ ఫొటో తీయండి. రాసినవారి పేరు, ఊరు, తేదీ ఒక చీటీ మీద రాసి దానికీ ఫొటో తీయండి. ఆ తర్వాత అమ్మమ్మ పక్కన కూర్చొని పైకి చదవండి. అర్థం కాని మాట అడగండి.

తల్లిదండ్రులకు ఒక మాట: ఫొటో కాగితాన్ని కాపాడుతుంది. అందులోని మాటను కాపాడవలసింది చదివేవాళ్ళే. ముత్తాతగారి ఉత్తరం మన పిల్లలకు వట్టి బొమ్మగా మిగలకూడదనే ఈ వారాంతపు బడి.