రూపం ఒకటే, గుణాలు వేరు: టైప్ సి కేబుల్

ఏ వస్తువునైనా పేరు విని, పైరూపం చూసి నమ్మేయకూడదు. దాని గుణమేమిటో పరీక్షించి తెలుసుకోవాలి. ఈ పాఠంలో మన ఇళ్లలో ఉండే టైప్ సి కేబుల్‌ను పరిశీలిద్దాం.

2014లో వచ్చిన ఈ పిన్నును ఎటు తిప్పి పెట్టినా పడుతుంది. దాంతో 'అన్నిటికీ ఇదొక్కటే చాలు' అన్న నమ్మకం పాకిపోయింది. కానీ టైప్ సి అనేది పిన్ను ఆకారానికి పేరు. లోపల ఏ తీగలున్నాయో, అవి ఎంత మోయగలవో ఆ పేరు చెప్పదు.

కేబుల్‌లో చూడాల్సిన గుణాలు మూడు.

మొదటిది, కరెంటు. రెండు వైపులా సి పిన్ను ఉన్న మామూలు కేబుల్ 60 వాట్ల దాకా మోస్తుంది. అంతకు మించి కావాలంటే 5 ఆంపియర్ల కేబుల్ ఉండాలి. ఇప్పుడు 240 వాట్లవీ ఉన్నాయి. వాటి పిన్నులో చిన్న చిప్ ఉండి, ఈ కేబుల్ ఇంత మోయగలదని ఛార్జర్‌కు తెలియజేస్తుంది. ఆ చిప్ లేకపోతే ఛార్జర్ ఎంత పెద్దదైనా 3 ఆంపియర్లు దాటి ఇవ్వదు. లాప్‌టాప్‌కు ఛార్జింగ్ మెల్లగా ఎక్కుతుంది.

రెండవది, వేగం. యూఎస్‌బీ 2.0 కేబుల్ సెకనుకు 480 మెగాబిట్లు పంపుతుంది. అదే పిన్నుతో 10 గిగాబిట్లవి, 40 గిగాబిట్లవి కూడా దొరుకుతాయి. 10 గిగాబైట్ల వీడియోకు మొదటి రకంలో లెక్క ప్రకారమే దాదాపు 3 నిమిషాలు పడుతుంది. 10 గిగాబిట్ల దానిలో 8 సెకన్లు చాలు. వాడకంలో రెండిటికీ ఇంకాస్త ఎక్కువే పడుతుంది.

మూడవది, బొమ్మ. లాప్‌టాప్ నుంచి నేరుగా మానిటర్‌కు బొమ్మ పంపే తీగలు యూఎస్‌బీ 2.0 కేబుల్‌లో ఉండవు. దాంతో ఎంతసేపు కుస్తీ పట్టినా తెర నల్లగానే ఉంటుంది.

మరి ఒక గుణం ఉంటే మిగతావీ ఉన్నట్టేనా? కాదు. ఆపిల్ 240 వాట్ల ఛార్జింగ్ కేబుల్ డేటాను యూఎస్‌బీ 2 వేగంతోనే పంపుతుంది. 2023లో వచ్చిన ఐఫోన్ 15 ప్రో 10 గిగాబిట్ల వేగాన్ని అందుకోగలదు. డబ్బాలో ఇచ్చిన కేబుల్ మాత్రం యూఎస్‌బీ 2 వేగానిదే. కాబట్టి లావు, అల్లిక, ధర ఇవేవీ రుజువులు కావు.

ఇది తెలియకపోతే ఏమవుతుంది? సెకండ్‌హ్యాండ్ లాప్‌టాప్‌తో చదువుకునే పిల్ల 'ఛార్జింగ్ ఎక్కట్లేదు, మిషన్ పోయింది' అనుకుంటుంది. ఇంట్లోవాళ్లు అప్పు చేసి రిపేరుకిస్తారు. తప్పు కేబుల్‌ది, ఖర్చు మనది!

అందుకని ఈ మూడు పాటించండి:

1. కొనేముందు ఏ పనికో తేల్చుకోండి. కేబుల్ మీదా డబ్బా మీదా వాట్లు, గిగాబిట్లు రెండూ చదవండి. బొమ్మ కోసమైతే వీడియో వస్తుందని రాసి ఉందో లేదో చూడండి.

2. పని చేయకపోతే ముందు కేబుల్ ఒక్కటే మార్చి చూడండి. తర్వాత ఛార్జర్ మార్చండి. రెండూ ఒకేసారి మారిస్తే తప్పు దేనిదో తేలదు. మీ లాప్‌టాప్ పోర్టుకు ఆ గుణం ఉందో లేదో కూడా చూస్కోండి.

3. పరీక్షించిన కేబుల్‌కు చిన్న కాగితం చుట్టి, ఏ పనికి పనికొస్తుందో రాయండి. ఇంట్లో అందరికీ అది ఉపయోగపడుతుంది.