ఇంటి గుట్టు

(బి.యస్సీ. తృతీయ సంవత్సరం, ఇబ్రహీంపట్నం)

మొన్న ఎండాకాలంలో మా ఊరి నాలుగు తొవ్వల కాడ సి.సి. కెమెరాలు పెట్టారు. బోర్ల కాడ స్టార్టర్లు, కేబుల్ తీగలు పోతూ ఉండేవి గనుక ఊరంతా సంతోషించింది. నేనొక్కణ్ణే "మనం ఎప్పుడు ఎటు పోయేదీ ఎవరో చూస్తుంటారు గదా" అన్నాను. మా నాయిన నవ్వి, "మనం దొంగలమా? మనకెందుకురా భయం?" అన్నాడు. నాకు జవాబు తోచలేదు. నేను చదివేది భౌతికశాస్త్రం, న్యాయశాస్త్రం కాదు. అయినా లైబ్రరీలో కూర్చొని వెతికితే తెలిసిన సంగతులను మిత్రుల ముందు ఉంచుతున్నాను.

మన రాజ్యాంగంలోని ప్రాథమిక హక్కులలో "గోప్యత" అనే మాట ఎక్కడా లేదు. ప్రాణానికీ, వ్యక్తి స్వేచ్ఛకూ రక్షణనిచ్చే 21వ అధికరణం ఉన్నది. ఆ స్వేచ్ఛలో గోప్యత ఇమిడి ఉన్నదా లేదా అన్నదే తగాదా.

ఉత్తరప్రదేశ్‌లో ఖరక్‌సింగ్ అనే ఆయనను 1941లో ఒక దోపిడీ కేసులో పట్టుకొని, సాక్ష్యం లేక వదిలేశారు. కాని పోలీసులు ఆయన పేర హిస్టరీ షీటు తెరిచారు. రాత్రిపూట వచ్చి తలుపు కొట్టి లేపుతారనీ, ఊరు దాటితే ఎక్కడికి పోయేదీ ఎప్పుడు వచ్చేదీ చెప్పుకోవాలనీ ఆయన సుప్రీంకోర్టుకెక్కాడు. 1962 డిసెంబరు 18న ఆరుగురు న్యాయమూర్తులు తీర్పు చెప్పారు. నలుగురు రాత్రి తనిఖీలను మాత్రం కొట్టివేసి, మిగతా నిఘాను ఉంచారు. గోప్యత ప్రాథమిక హక్కు కాదన్నారు. ఒప్పుకోని ఇద్దరిలో ఒకరు మన తెలుగువాడు, రాజమండ్రిలో పుట్టిన కోకా సుబ్బారావు గారు. సంకెళ్లు వేస్తేనే స్వేచ్ఛ పోదనీ, వెనుక నీడ ఉందన్న భయం మనసుకు పట్టినా పోతుందనీ ఆయన వాదం. జస్టిస్ షా గారు ఆయనతో నిలిచారు. ఆ ఇద్దరి మాట నెగ్గడానికి దాదాపు 55 ఏండ్లు పట్టింది! 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా గోప్యత ప్రాథమిక హక్కేనన్నారు. సర్కారు అందులో చెయ్యి పెట్టాలంటే చట్టం ఉండాలి, సరైన అవసరం ఉండాలి, అవసరానికి మించి పోకూడదు.

ఇక మన దగ్గరి కేసు. 1986లో ఆంధ్రప్రదేశ్ స్టాంపుల చట్టం 73వ సెక్షనును సవరించింది. స్టాంపు సొమ్ము ఎగవేత పట్టడానికని, కలెక్టరు అనుమతించిన ఏ మనిషైనా బ్యాంకులో జొరబడి ఖాతాదారుల కాగితాలు చూడవచ్చు, పట్టుకుపోవచ్చు. హైకోర్టు దీన్ని కొట్టివేసింది. 2004 నవంబరు 1న సుప్రీంకోర్టు కూడా అదే ఖాయం చేసింది. గోప్యత మనిషిది గాని స్థలానిది కాదట. కాగితం బ్యాంకులో పెట్టినంత మాత్రాన దాని గుట్టు వదులుకున్నట్టు కాదట.

ఈ సంగతి చెప్పేసరికి నాయిన మొహం మారింది. విత్తనాలకని అమ్మ గొలుసు బ్యాంకులో కుదువ పెట్టినది చిన్నాయినకు కూడా తెలియదు మరి. "దొంగతనం కాదు గదా, ఎందుకు దాస్తివి?" అన్నాను. "అది మన ఇంటి గుట్టురా" అన్నాడు.

ఫోను సంగతి ఇంకా చిక్కు. 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టమే చాలాకాలం ఆధారం. దాని స్థానంలో 2023లో టెలికమ్యూనికేషన్ల చట్టం వచ్చింది. 1996లో, చిత్రంగా మళ్లీ డిసెంబరు 18ననే, పి.యు.సి.ఎల్. వేసిన కేసులో సుప్రీంకోర్టు కట్టుబాట్లు పెట్టింది: మామూలుగా హోం కార్యదర్శి ఉత్తర్వు ఉండాలి, రెండు నెలలే గడువు, పొడిగించినా ఆరు నెలలు దాటరాదు. ఆ ఉత్తర్వులను ఒక సమీక్షా సంఘం చూడాలి. 2024 మార్చిలో హైదరాబాదు పంజగుట్ట ఠాణాలో నమోదైన కేసు మనకు తెలిసిందే. నిఘా విభాగపు అధికారులు కొందరు రాజకీయ నాయకులు తదితరుల ఫోన్లు విన్నారనీ, ఆ రికార్డులు ధ్వంసం చేశారనీ అభియోగం. దోషులెవరో తేల్చవలసింది కోర్టు, నేను కాదు.

నన్ను తొలిచేది వేరే. రాష్ట్రంలో ఆ సమీక్షా సంఘమంటే ప్రధాన కార్యదర్శి, న్యాయశాఖ కార్యదర్శి, ఇంకొక కార్యదర్శి. ముగ్గురూ సర్కారు వాళ్లే, జడ్జి లేడు. ఖరక్‌సింగ్‌కు తలుపు చప్పుడైనా వినబడింది, అందుకే కోర్టుకు పోగలిగాడు. ఫోను వింటే చప్పుడుండదు.

ఇదంతా విని నాయిన కొంచెంసేపు చేతిలోని ఫోనును అటూ ఇటూ తిప్పి, "మరి ఎవలన్న ఇంటే నాకెట్ల తెలుస్తదిరా?" అన్నాడు.

"తెల్వది నాయినా" అన్నాను.