ఆ ఫైలు అటక మీద పెట్టనివ్వకు

చిరంజీవి చిట్టికి,


నీకు చివరి కరెంటు (రేడియేషన్) కూడా పెట్టేశారని మీ నాన్న ఫోన్ చేశాడు. ఇన్నాళ్ళకి మనసు కుదుటపడింది. వెంటనే ఇంకో మాట అన్నాడు: "ఇక ఆ వైద్యం ఫైలు అటకెక్కిస్తాం, సంబంధాలు చూసేటప్పుడు ఎవరి కంటా పడకూడదు కదా." అందుకే మీ అత్త ఈ ఉత్తరం రాస్తోంది.

1986లో నాకు 22 ఏళ్ళు. మెడ మీద బిళ్ళ కట్టింది. హాడ్జ్‌కిన్ లింఫోమా, నీకొచ్చిందే. అప్పట్లో మాంటిల్ పద్ధతని మెడ, చంకలు, ఛాతీ అన్నీ కలిపి, శాలువా కప్పినంత మేర కరెంటు పెట్టేవారు. జబ్బు పోయింది. పెళ్ళి కుదిరాక మీ నాయనమ్మ నా కాగితాలన్నీ వేణ్ణీళ్ళ బాయిలర్లో వేసేసింది. ఆవిడ మీద నాకు కోపం లేదు, ఆడపిల్ల తల్లి భయం అది.

2007లో ఎడమ రొమ్ములో గడ్డ తగిలింది. ఊళ్ళో డాక్టరు పాతదే తిరగబెట్టిందన్నాడు. ముక్క తీసి పరీక్షకి పంపితే లింఫోమా కాదు, రొమ్ము కేన్సర్. పాతది పాకింది కాదు, దానంతటది కొత్తగా పుట్టింది. దాని వైద్యమూ వేరే. జబ్బుని చంపిన కిరణమే దారిలో ఉన్న మంచి కణాలనీ గాయపరుస్తుందట. ఆ గాయం కేన్సర్‌గా బయటపడటానికి పదేళ్ళు, ఇరవయ్యేళ్ళు, ఇంకా ఎక్కువే పట్టొచ్చు.

పెద్దాసుపత్రిలో మొదటి ప్రశ్న, "అప్పుడు ఎంత కరెంటు పెట్టారు, ఎక్కడి నుంచి ఎక్కడిదాకా?" నా దగ్గరున్నవల్లా గురి కోసం ఛాతీ మీద పొడిచిన పచ్చబొట్టు చుక్కలే. మీ మామయ్య పద్దెనిమిదేళ్ళూ వాటిని పుట్టుమచ్చలనుకున్నారు! పాత ఆసుపత్రికి రాస్తే అన్నేళ్ళ రికార్డులు లేవన్నారు. గడ్డ వరకు తీసి అక్కడ మళ్ళీ కరెంటు పెట్టడం మంచిది కాదని రొమ్ము మొత్తం తీసేశారు. ఫైలుంటే రొమ్ము దక్కేదని అనను. కానీ చిన్న వయసులో ఛాతీకి కరెంటు పడ్డ ఆడవాళ్ళకి ఈ ముప్పుందని 1990ల్లోనే వైద్యులకి తెలుసు. నేనెవరికీ చెప్పుకోలేదు, నాకెవరూ చెప్పలేదు.

ఇది నా ఒక్కదాని కథే కాదు. నెదర్లాండ్స్‌లో 1965-2000 మధ్య హాడ్జ్‌కిన్‌కి వైద్యం చేయించుకున్న 3,905 మందిని గమనించి 2015లో లెక్క చెప్పారు. మామూలు జనంతో పోలిస్తే వీళ్ళకి ఇంకో కేన్సర్ రావడం 4.6 రెట్లు ఎక్కువ. బెంబేలు పడకు. చంకలు వదిలేసి కరెంటు పెట్టినవాళ్ళకి, మాంటిల్ వాళ్ళకన్నా రొమ్ము కేన్సర్ తక్కువని కూడా అందులోనే ఉంది. నీకు పెట్టింది జబ్బున్న చోటికే, మోతాదూ నా దానికన్నా తక్కువ.

డిశ్చార్జి కాగితంతో సరిపెట్టుకోకు. ఏ భాగానికి ఎంత కరెంటు పెట్టారో, దాని కొలమానమైన గ్రేల్లో రాయించుకో. ఆ ఎర్ర మందు, డాక్సోరూబిసిన్, మొత్తం ఎంత ఎక్కిందో కూడా. ఆరు సైకిళ్ళ ఏబీవీడీ కీమో పూర్తిగా అయితే చదరపు మీటరుకి 300 మి.గ్రా. లెక్క. గుండెకి చేటు కాబట్టి దానికి జన్మకంతా కలిపి ఒక హద్దుంది. రేపెప్పుడైనా ఇంకో జబ్బుకి అదే మందు కావాల్సొస్తే ఎంత మిగిలిందో డాక్టరుకి తెలియాలి. నీకిప్పుడు 24. 32 వచ్చేసరికి ఏటా మామోగ్రాం, ఎంఆర్ఐ రెండూ మొదలుపెట్టాలి. ఇంత చిన్న వయసులో ఎందుకమ్మా అంటారు, ఫైలు చూపించు. మెడ కూడా తడిమించుకో, థైరాయిడ్‌కీ కరెంటు సోకి ఉండొచ్చు.

కరెంటు పడ్డ ఊపిరితిత్తులతో సిగరెట్ కాల్చేవాళ్ళకి ముప్పు కూడిక కాదు, గుణకారమట. నువ్వు కాల్చవు, మీ నాన్న హాల్లో కూర్చుని కాలుస్తాడు. వీధిలోకి పొమ్మను, అత్త చెప్పిందను.

ఇక పెళ్ళి. చెప్పి చేసుకో. విని లేచిపోయే సంబంధం లేచిపోనీ. నేను దాచిందంతా ఆసుపత్రి వరండాలో మీ మామయ్యకి చెప్పాల్సొచ్చింది. ఆయన అరుస్తారనుకున్నాను. "ముందే చెప్తే పరీక్షలకి నేనే తీసుకెళ్ళేవాణ్ణి కదే" అన్నారు, అంతే.

ఫైలు జిరాక్సు ఒకటి మీ నాన్న వచ్చేటప్పుడు నాకు పంపు. బస్సులో మర్చిపోయినా పోతాడు, వాట్సాప్‌లో కూడా పెట్టు.

ఇట్లు,
మీ అత్త